మామిడి తోటలో కళా ప్రదర్శన: చెట్లకు దెబ్బ తగలకుండా ఎలా?

నమస్కారమండీ. మాది పర్లాకిమిడి. సంక్రాంతి సెలవుల్లో మహేంద్రతనయ ఒడ్డున మా మామయ్యగారి మామిడి తోటలో చిన్న ప్రదర్శన పెడదామనుకుంటున్నాం. గోడలుండవు. వచ్చినవాళ్లు చెట్ల మధ్య నడుస్తూ, వెదురు చట్రాల్లోంచి దూరుతూ చూడాలి. జపాన్‌లోని నీగాతా ప్రాంతంలో ఎచిగో-త్సుమారి పేరుతో 2000 నుంచి మూడేళ్లకోసారి ఊళ్లు, వరిపొలాల మధ్యే ఇలాంటిది పెద్ద ఎత్తున జరుపుతున్నారు. ఆలోచన అక్కడిదే, డబ్బు మాత్రం మా దగ్గర లేదు!

అప్పటికి చెట్లు పూత మీద ఉంటాయి. మేకులు కొట్టం. కానీ కొమ్మలకు తాళ్లు కట్టినా, రాత్రి లైట్లు వేసినా పూత రాలిపోతుందని మామయ్యకు టెన్షన్. నిజంగా రాలుతుందా? కొమ్మలను ముట్టుకోకుండా గుంజలు పాతి బట్ట బొమ్మలు వేలాడదీస్తే గాలికి ఆగుతాయా? మంచుకు రంగు కారకుండా ఏం పూయాలి?

ఇంకో సంగతి. సవరల ఇడితాల్ బొమ్మలు పెట్టాలని మావాళ్ల సరదా. అవి ఇంటి గోడ మీద దేవతలకూ పితృదేవతలకూ వేసేవి, అలంకారానికి కాదు. అందుకే సవర పెద్దలను అడగకుండా ముట్టుకోకూడదని నా పట్టుదల. రాయగడ, గుణుపురం వైపు వాళ్లతో కలిసి పనిచేసినవారు ఉంటే, ఎవరిని ఎలా అడగాలో, ఎంత ఇస్తే మర్యాదగా ఉంటుందో చెప్పండి.