తనను తాను గాయపరచుకునే అలవాటుకు డీబీటీ చికిత్స ఎలా పనిచేస్తుంది?

ప్రశ్న:
మా చెల్లెలికి 22 ఏళ్లు. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావోద్వేగాలు తరచూ అదుపు తప్పే మానసిక సమస్య) ఉందని మానసిక వైద్యులు నిర్ధారించి, తనను తాను గాయపరచుకోవడం తగ్గాలంటే మందులకన్నా డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే డీబీటీ, ముఖ్యమని చెప్పారు. అమ్మ మాత్రం ‘నలుగురూ పట్టించుకోవాలని చేస్తోంది, మాటలతో ఏం నయమవుతుంది?’ అంటోంది. ఆ చికిత్సలో అసలు ఏం చేస్తారో తెలిసినవారు దయచేసి వివరించగలరా?

జవాబు 1 (క్లినికల్ సైకాలజిస్టు):
అమ్మగారి సందేహం చాలా ఇళ్లలో వినేదే. కానీ ఎక్కువమంది భరించలేని బాధ నుంచి కాసేపు తెరిపి కోసమే అలా చేస్తారు. ఆ తెరిపి వల్లనే అది అలవాటుగా పాతుకుపోతుంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మార్షా లినెహాన్ రూపొందించిన ఈ చికిత్సలో వారానికొకసారి థెరపిస్టుతో విడిగా సమావేశం, మరొకసారి నైపుణ్యాలు నేర్పే బృంద తరగతి, మధ్యలో అవసరమైతే ఫోన్‌లో సలహా ఉంటాయి. గాయపరచుకోవాలన్న కోరిక ఆ రోజు ఎంత బలంగా కలిగిందో మీ చెల్లెలు రోజూ ఒక కార్డులో అంకె వేసి రాస్తుంది. ఏ వారమైనా గాయపరచుకుంటే తర్వాతి సమావేశంలో ముందుగా దాని గురించే మాట్లాడతారు: స్నేహితురాలు ఫోన్ ఎత్తలేదు, ‘నన్ను వదిలేసింది’ అనిపించింది, అన్నం తినలేదు, నిద్ర పట్టలేదు... ఇలా జరిగినదాన్ని వరుసగా విడదీసి, ఎక్కడ మరో దారి పట్టి ఉండవచ్చో ఇద్దరూ కలిసి వెతుకుతారు. తిట్టరు, అలాగని చూసీచూడనట్లు వదిలేయరు.

జవాబు 2 (ఒక తల్లి):
మా అమ్మాయి ఏడాది పాటు ఈ చికిత్స తీసుకుంది. నాకు మింగుడుపడనిది ఫోన్ నియమం. గాయపరచుకోకముందు థెరపిస్టుకు ఫోన్ చేయవచ్చు. చేసుకున్నాక మాత్రం, ప్రాణాపాయం ఉంటే తప్ప, 24 గంటలపాటు ఆ ఫోన్ సలహా ఉండదు. ముందే అడిగితే సాయం అందుతుందని పిల్లకు అనుభవంలోకి రావడానికే ఆ ఏర్పాటు అని తర్వాత తెలిసింది. ఇంట్లో మేము కూడా ఏదైనా జరిగినప్పుడే చుట్టూ చేరడం కాకుండా, తను మామూలుగా ఉన్న సాయంత్రాల్లో పక్కన కూర్చోవడం అలవాటు చేసుకున్నాం.

జవాబు 3:
లినెహాన్ బృందం 1991లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు వైద్యం పొందినవారికన్నా డీబీటీ పొందిన మహిళలు గాయపరచుకోవడం తగ్గింది. అయితే ఇదొక్కటే దారి అనడం నా దృష్టిలో అతిశయోక్తి. కెనడాలో 180 మందితో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ సమస్య బాగా ఎరిగిన మానసిక వైద్యులు క్రమపద్ధతిలో చేసిన చికిత్స కూడా దాదాపు అంతే ఫలితం ఇచ్చింది. కనుక పూర్తి డీబీటీ మీ ఊళ్లో దొరకకపోతే నిరాశ పడకండి. బృంద తరగతి ఉందా, అర్ధరాత్రి పరిస్థితి విషమిస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి మొదటిరోజే అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, మీరైనా సరే. చెల్లెలు చనిపోతానన్న మాట ఎత్తితే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.