బల్బు మార్చాను, వెలుగుతోంది. వెలుతురు మాత్రం చెట్టుకొమ్మల్లోకి పోతోంది!

కొత్తచేతులు:

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, కారు పనిలో నా అనుభవమంతా వైపర్లు మార్చడం దాకానే.

పోయిన వారం ఎడమ హెడ్‌లైట్ డిమ్‌లో వెలగడం మానేసింది. బ్రైట్ వేస్తే రెండువైపులా వస్తోంది. ఫ్యూజు చూశాను, బాగానే ఉంది. బల్బు తీసి చూస్తే లోపలున్న రెండు తీగల్లో ఒకటి తెగి వేలాడుతోంది, గాజు లోపల పైభాగమంతా బూడిద పూసినట్టుంది. పాతదాని మీద రాసున్నది చూసుకునే కొత్తది తెచ్చాను: హెచ్4, 12 వోల్టులు, 60/55 వాట్లు.

తీయడం ఐదు నిమిషాల పని. పెట్టడానికి ముప్పావుగంట పట్టింది. ఎడమ డూమ్‌కి, అంటే హెడ్‌లైట్ డబ్బాకి, సరిగ్గా వెనకాలే బ్యాటరీ. ఆ సందులో చెయ్యి పెడితే కంటికి ఏమీ కనపడదు, తొంగి చూద్దామంటే చేతికి చోటుండదు. బల్బుని పట్టి ఉంచే తీగ క్లిప్పు రెండుసార్లు జారి వేళ్ల మీద కొట్టింది. మూడోసారి ఏదో టిక్కుమంది. రబ్బరు తొడుగు వేసి, మూడు పిన్నుల హోల్డరు గుచ్చాను. వెలిగింది! ఇంట్లో అందర్నీ బయటికి పిలిచి మరీ చూపించాను.

ఆ సంబరం చీకటి పడేదాకానే. రోడ్డెక్కగానే ఎదురొచ్చే ప్రతి బండీ నాకు లైటు కొడుతోంది. నేను డిమ్‌లోనే ఉన్నాను మహానుభావా అని లోపల్లోపలే మొత్తుకుంటూ ఇంటికొచ్చి, గోడ ముందు ఆపి చూశాను. కుడి లైటు గోడ మీద కత్తితో కోసినట్టు ఒక గీత దగ్గర ఆగిపోతోంది. ఎడమదానికి గీతా లేదు గీమా లేదు, పొగలా పరుచుకుని గోడ దాటి కొమ్మల్లోకి పోతోంది.

తప్పు బల్బుదా, నాదా? ఇంకో సంగతి, పెట్టేటప్పుడు గాజుకి నా బొటనవేలు తగిలింది. దానివల్లేనా ఇదంతా?

మూడుస్పానర్లు:

బల్బుది కాదు, బొటనవేలిది అసలే కాదు. బల్బు వంకరగా కూర్చుంది, అంతే. హెచ్4 బల్బు నడుముకి రేకు పళ్లెం ఉంటుంది చూడండి, దాని చుట్టూ మూడు చెవులుంటాయి. ఒకటి మిగతా రెండింటికంటే వెడల్పు. అది పైకుండాలి, డూమ్‌లో దానికి తగ్గ గాడి కూడా పైనే ఉంటుంది. మూడూ గాళ్లలో పడితే బల్బు కదలదు. క్లిప్పు పెట్టకముందే వేలితో మెల్లగా తిప్పి చూడండి, తిరిగిందంటే కూర్చోలేదన్నమాట. మీరు విన్న టిక్కు క్లిప్పు ఒక కాలిది అయ్యుంటుంది, దానికి రెండు కాళ్లు.

గేరుబాబు:

ఎందుకండీ అంత తతంగం? డూమ్ వెనక వెలుతురు ఎత్తు సరిచేసే స్క్రూ ఉంటుంది. నాలుగు చుట్లు తిప్పితే అదే కిందికి దిగుతుంది. నేనైతే అదే చేస్తాను.

వైరింగుపిచ్చి:

గేరుబాబు గారూ, కోప్పడకండి, ఆ స్క్రూ జోలికి మాత్రం ఆయన్ని పంపొద్దు. హెచ్4లో డిమ్ తీగ కింద చిన్న దొప్పలాంటి రేకు ఉంటుంది. దానివల్ల ఆ తీగ వెలుతురు డూమ్ లోపల వెనకవైపున్న మెరిసే అద్దం పైసగం మీదే పడి, అక్కణ్ణుంచి రోడ్డు మీదికి వాలుతుంది. అద్దం కిందిసగం మీద పడిందా, పైకి ఎగజిమ్ముతుంది. ఆ దొప్ప అంచు వల్లే గోడ మీద గీత వచ్చేది. ఇప్పుడు బల్బు వంకరగా ఉంది కాబట్టి దొప్పా వంకరే, తీగ కూడా ఉండాల్సిన చోట లేదు. స్క్రూ తిప్పితే ఆ పొగే కిందికి దిగుతుంది తప్ప గీత రాదు. రేపెప్పుడో బల్బు సరిగ్గా పెట్టాక చూస్తే వెలుతురు బంపరు ముందే కుప్పపడి ఉంటుంది.

బొటనవేలి విషయం. వెలుగు తీరుకి దానికీ సంబంధం లేదు గానీ వదిలెయ్యకండి. ఆ గాజు వందల డిగ్రీల వేడెక్కుతుంది. వేలి జిడ్డు అక్కడే మాడి, ఆ చోట గాజు పాడై, బల్బు ముందే పోవచ్చు. ఎలాగూ మళ్లీ తీస్తారు కదా, పూర్తిగా చల్లారాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూగు రాలని గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, రేకు దగ్గరే పట్టుకుని పెట్టండి. పాత బల్బులో మీరు చూసిన బూడిద తీగలోంచి ఆవిరైపోయిన టంగ్‌స్టన్. దాని ఆయువు తీరింది, మీ తప్పేం లేదు.

చివరగా, బ్యాటరీ తీసేసి పని చేయండి. ముందు నెగటివ్ విప్పండి, బిగించేటప్పుడు అది ఆఖరున. బ్యాటరీ తీసి పెట్టాక స్టీరియో కోడ్ అడిగే రకమైతే ఆ కోడ్ ముందే వెతికి పెట్టుకోండి. వెతుక్కోవడం ఎంత నరకమో నాకు తెలుసు.

కొత్తచేతులు:

దొరికింది! బ్యాటరీ తీశాక ఫోన్‌లో వీడియో పెట్టి సందులోకి దించి చూశాను. వెడల్పు చెవి గాడిలో పడకుండా దాని అంచు మీద ఎక్కి కూర్చుంది. క్లిప్పు ఒక కాలు కొక్కేనికి తగులుకుంది, రెండోది గాల్లో ఉంది. తుడిచి మళ్లీ పెట్టాను. ఈసారి బల్బు గాళ్లలో పడగానే చేతికే తెలిసిపోయింది, కదపబోతే కదల్లేదు. గోడ మీద గీత వచ్చింది, రెండువైపులా ఒకే ఎత్తులో.

కానీ హోల్డరు తిప్పి చూస్తే మూడు పిన్నుల్లో ఒకదాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి కొంచెం కుంగింది. కారు నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. బల్బైతే వెలుగుతోంది, వదిలెయ్యనా?

వైరింగుపిచ్చి:

వదలొద్దు. అక్కడ పిన్ను పట్టు సడలింది, సడలిన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా సడలుతుంది. డిమ్‌లో 55 వాట్లంటే 12 వోల్టుల మీద దాదాపు 4.6 ఆంపియర్లు, మంచి హోల్డరుకి అదో లెక్క కాదు. పాత ఓనరు ఎప్పుడైనా 100/90 వాట్ల బల్బు వేసుంటే అది బ్రైట్‌లో 8 ఆంపియర్లు దాటుతుంది, ఇలాంటి మచ్చలు నేను అక్కడే ఎక్కువ చూశాను. వైర్లతో సహా వచ్చే కొత్త హోల్డరు తెచ్చి, రంగులు ఫొటో తీసుకుని ఒక్కో వైరే మార్చండి. మూడూ ఒకేసారి కోశారో, డిమ్ వేస్తే బ్రైట్ వస్తుంది. టేపు చుట్టి సరిపెట్టకండి, బాగా మెలితిప్పి టంకం పెట్టి పైన స్లీవ్ వెయ్యండి.

మూడుస్పానర్లు:

రబ్బరు తొడుగు అంచు చుట్టూ ఒకసారి వేలు తిప్పి చూడండి. ఎక్కడైనా మడత పడితే తేమ లోపలికి పోయి డూమ్ మసకబారుతుంది. కుడి బల్బు కూడా ఎడమదాని ఈడుదే అయితే, చేతులెలాగూ మురికయ్యాయి, అదీ మార్చేయండి.

కొత్తచేతులు:

తొడుగు ఒకచోట మడతే ఉంది, సరిచేశాను. హోల్డరు ఈ ఆదివారం. కుడివైపు బ్యాటరీ లేదు గానీ వైపర్ నీళ్ల డబ్బా గొట్టం అడ్డంగా ఉంది, చూద్దాం. ఈసారి మాత్రం ఇంట్లో వాళ్లని గోడ మీద గీత చూసుకున్నాకే పిలుస్తాను.