ఫ్లోరైడ్ పళ్ళు గట్టివా, పెళుసువా? క్యాపులు వేయించాలా వద్దా?

మర్రిగూడ_కుర్రోడు:
మా తమ్ముడికి 24 ఏళ్ళు. ముందు పళ్ళు ఆరింటి మీదా గోధుమ రంగు మరకలు. చిన్నప్పుడు మేం తాగింది బోరు నీళ్ళే. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు, ఫోటోలో నోరు తెరవడు. ఒక డాక్టరు ఆరూ అరగదీసి క్యాపులు వేద్దామంటున్నాడు. మా తాతేమో "అవి రాయిలాంటి పళ్ళు, పుచ్చవు, విరగవు, ముట్టుకోకండి" అంటాడు. ఎవరి మాట వినాలి?

దేవరకొండ_సుధ:
తాత మాటే. ఫ్లోరైడ్ పంటిని గట్టి చేస్తుందని టూత్‌పేస్టు డబ్బా మీదే రాసుంటుంది. మా ఊళ్ళో గారపళ్ళ పెద్దమనుషులు ఇప్పటికీ సకినాలు పటపట నములుతారు.

లోహాల_పిచ్చి:
సుధక్కా, ఎక్కడ కొలిచామన్నదాన్ని బట్టి ఉంటుంది. పంటిని నిలువునా కోసి, నున్నగా పాలిష్ చేసి, మూడు ముఖాల వజ్రపు మొనతో మైక్రాన్ కన్నా తక్కువ లోతు నొక్కి చూస్తారు. మామూలు ఎనామిల్, అంటే పంటి పైన ఉండే గట్టి పొర, బరువులో 96 శాతం దాకా ఖనిజమే. అందులో 5 మైక్రాన్ల మందం కడ్డీలు ఒకదానికొకటి అడ్డంగా అల్లుకుని ఉంటాయి, అందుకే పగులు తిన్నగా పోలేదు. కింద ఉండే లోపలి పొర డెంటిన్‌లో ఖనిజం 70 శాతమే, మిగిలింది కొల్లాజెన్ అనే ప్రొటీను, నీళ్ళు. అది మెత్తనే గానీ పగుళ్ళను ఆపుతుంది.

ఇక ఫ్లోరోసిస్ పంటి సంగతి, అంటే చిన్నప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువై పాడైన పన్ను. పైన పలచటి పొర బాగానే ఉంటుంది. దాని కిందే బోలు. ఖనిజం తక్కువ, ప్రొటీనూ నీళ్ళూ ఎక్కువ. పైన నొక్కితే తాత చెప్పింది నిజమనిపిస్తుంది, కోసి చూస్తే కాదు. తీవ్రంగా ఉన్నవాళ్ళ పళ్ళు వచ్చేటప్పుడు నున్నగానే వస్తాయి, నమిలేకొద్దీ పైపొర రాలి గుంటలు పడతాయి.

దేవరకొండ_సుధ:
మరి పుచ్చు తక్కువెందుకు?

లోహాల_పిచ్చి:
అది ఆమ్లం సంగతి, బలం సంగతి కాదు. మామూలు ఎనామిల్ పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 దగ్గరే కరగడం మొదలవుతుంది. ఫ్లోరైడ్ చేరిన ఖనిజం దాదాపు 4.5 దాకా తట్టుకుంటుంది. గుంటలు పడి తిండి ఇరుక్కుంటే అదీ పుచ్చుతుంది.

చండూరు_రాజు:
మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్ళు వచ్చాయి కదా, ఇంకా ఈ లొల్లి ఏంది?

పంటి_డాక్టరమ్మ:
రాజు గారూ, ముందు పళ్ళ ఎనామిల్ తయారయ్యేది చిన్నతనంలో, చిగుళ్ళ లోపల. దాదాపు 8 ఏళ్ళకు ఆ పని అయిపోతుంది. 24 ఏళ్ళ అబ్బాయికి ఇప్పుడు ఏ నీళ్ళు తాగించినా ఆ మరక పోదు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం పొలం దగ్గర బోరు నీళ్ళు తాగించకండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు.

ఇక క్యాపులు. క్యాపుకు చుట్టూ ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర దాకా అరగదీస్తారు. ముందు పళ్ళకు ఎనామిల్ మందమే చాలాచోట్ల ఒక మిల్లీమీటరు. అంటే అంతా పోయి డెంటిన్ బయటపడుతుంది. రంగు కోసం 24 ఏళ్ళకే అంత పని నాకు నచ్చదు. ముందు మైక్రోఅబ్రేషన్ చేయించండి, ఆమ్లం కలిపిన పొడితో రుద్ది మిల్లీమీటరులో పదో వంతు, కొంచెం అటూ ఇటూ తీస్తారు. మరక పైపైనే ఉంటే చాలావరకు దాంతోనే తగ్గుతుంది. లోతు తెలియాలంటే పంటి వెనక నుంచి లైటు వేసి చూడమనండి.

దేవరకొండ_సుధ:
క్యాపులు వద్దన్నంతవరకు నేనూ మీతోనే. కానీ నల్లగొండ పళ్ళన్నీ పెళుసని ఒకే గాటన కట్టొద్దు. సన్న తెల్లగీతలే ఉన్నవాళ్ళకూ ఇదే లెక్కా?

లోహాల_పిచ్చి:
కాదు. అమెరికాలో డీన్ అనే ఆయన 1930ల్లోనే ఫ్లోరోసిస్‌ను దశలుగా విడగొట్టాడు. తెల్లగీతల దశలో బోలు స్వల్పమే, తెలిసినవాళ్ళు చెబితే తప్ప కనిపించదు. తమ్ముడిది ఏ దశో చెప్పకుండా మనం ఇక్కడ కొట్టుకుంటున్నాం.

మర్రిగూడ_కుర్రోడు:
గుంటలు లేవన్నా. ఒక పన్ను అంచు మాత్రం కొద్దిగా రాలింది.

పంటి_డాక్టరమ్మ:
ఏ పన్ను? రాలిన చోట చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుందా?