బొమ్మలు గీసే చెయ్యి ఇల్లు కట్టొచ్చా? లె కార్బూజియే మీద ఒక వాదన

పిట్టగోడ:
మా అబ్బాయి ఈ ఏడాదే హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్‌లో చేరాడు. మాసబ్‌ట్యాంక్ క్యాంపస్‌లో ఫైన్ ఆర్ట్స్ వాళ్లు కూడా ఉంటారు కదా, క్లాసులయ్యాక వాళ్ల దగ్గరే ఉంటున్నాడు. బొమ్మలు, బిల్డింగులు, ఫర్నిచర్ మూడూ చేస్తాడట, చండీగఢ్ కట్టిన లె కార్బూజియే చేయలేదా అంటాడు. నేను ఒకటే పట్టుకోమంటున్నాను. కారణం మా ఇల్లే. మాకు ప్లాన్ ఇచ్చినాయన మంచి పెయింటర్ కూడా, ఎలివేషన్ పాడవుతుందని పడమటి కిటికీలకు సన్‌షేడ్ పెట్టనివ్వలేదు. మొదటి వానాకాలానికే జల్లు కొట్టి చెక్క ఉబ్బింది, రెక్క పడదు, వాన పట్టిందంటే మా అమ్మ ఆ కిటికీ కింద పాత దుప్పటి మడిచి పెడుతుంది. మీరేమంటారు?

సైట్ మనిషి:
మీ మాటే నాదీ. 20 ఏళ్లుగా స్లాబులు వేయిస్తున్నాను, స్లాబు మీద నీళ్లు ఎటు పోతాయో తేల్చకుండా డ్రాయింగ్ ఎంత అందంగా ఉంటే నాకేం? ఇదే కార్బూజియే పారిస్ దగ్గర పొయాసీలో కట్టిన విల్లా సవోయ్ 1931లో పూర్తయింది. హాల్లో వాన, ర్యాంపు మీద వాన, గ్యారేజీ గోడ తడిసి ముద్దయిందని ఆ ఇంటావిడ ఉత్తరాలు రాసి రాసి విసిగిపోయింది. చండీగఢ్ హైకోర్టులో కోర్టు హాళ్లు బయటికే తెరుచుకునేవి, ఎండకీ వానకీ తట్టుకోలేక తర్వాత వరండా కలపాల్సి వచ్చింది. ఒకటో నంబర్ హాలు ముందు మాత్రం అదీ లేదు. అక్కడ వరండా వేయమని హైకోర్టు చెబితే, 2016లో వచ్చిన యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపుకి ఇబ్బందని అక్కడి యంత్రాంగం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025లో సుప్రీంకోర్టు హైకోర్టు మాటే నిలబెట్టింది. మనిషి తడవకుండా నిలబడటానికి ఇంత పోరాటమా?

నూలుపోగు:
వరండా విషయంలో నేనూ మీ వైపే, వేయాల్సిందే. కానీ తప్పంతా పెయింటింగ్ మీదకి నెట్టడం అన్యాయం. ఆయన పుట్టింది స్విట్జర్లాండ్‌లో గడియారాల ఊళ్లో, నేర్చుకున్న మొదటి పని గడియారం డబ్బాల మీద నగిషీ చెక్కడం. తర్వాత పారిస్‌లో పొద్దున బొమ్మలు వేసుకుని మధ్యాహ్నం ఆఫీసుకెళ్లేవాడు, చాలా ఏళ్లు అలాగే నడిచింది. ఆ పొద్దుటి పని చండీగఢ్‌లో ఎక్కడ తేలిందో చూడండి. అదే హైకోర్టులో కాంక్రీటు హాళ్లు కాబట్టి మాట ప్రతిధ్వనిస్తుంది, వాదన సరిగ్గా వినిపించదు. అందుకని జడ్జీల వెనక గోడలకి ఊలు తివాచీలు డిజైన్ చేశాడు, మొత్తం 9, చిన్నవాటిలో ఒక్కోటీ 64 చదరపు మీటర్లు, పెద్దది 144. నేసింది కాశ్మీరు నేతగాళ్లు. గోడ మీద చూస్తే రంగుల బొమ్మ, చేసే పని మాత్రం ధ్వనిని పీల్చుకోవడం. బొమ్మ వేయడం రాని ఆర్కిటెక్ట్ అయితే అక్కడ ఏ సీలింగు పలకలో అతికించి ఊరుకునేవాడు.

నన్ను బాధపెట్టేది ఇంకొకటి. 1927లో షార్లెట్ పెరియాండ్ అనే అమ్మాయి పని అడగడానికి వెళ్తే, ఇక్కడ మేం దిండ్లకి కుట్లు వేయం అని పంపేశాడు. కొన్ని నెలలకే ఆవిడ చేసిన ఫర్నిచర్ చూసి పిలిచి చేర్చుకున్నాడు. అందరికీ తెలిసిన ఆ స్టీలు గొట్టాల పడక కుర్చీ ఆవిడా, ఆయన కజిన్ పియెర్ జన్నరే, ఆయనా కలిసి చేసింది, అయినా చాలాకాలం ఆయన పేరులోని అక్షరాలతోనే అమ్ముడైంది. చండీగఢ్ ఆఫీసుల టేకు కుర్చీలు, తిరగేసిన వి ఆకారం కాళ్లూ పేము అల్లికా ఉన్నవి, ఎక్కువగా ఆ జన్నరే పనితనమే. ఆఫీసుల్లో తుక్కు కింద పడేసిన వాటికి ఇప్పుడు విదేశీ వేలాల్లో లక్షలు పలుకుతున్నాయి. ఇంకా ఘోరం, ఐలీన్ గ్రే అనే ఐరిష్ డిజైనర్ ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డున కట్టిన ఇ-1027 అనే ఇంట్లో తెల్లటి గోడల మీద ఆవిణ్ణి అడగకుండా ఈయన బొమ్మలు వేసేశాడు, 1938, 39లో. ఆవిడ మనసు విరిగిపోయింది. మూడు పనులు చేశాడని కాదు నా కోపం, ఎదుటివాళ్ల చెయ్యి ఉన్న చోట కూడా తన చెయ్యే ఉండాలనుకోవడం మీద. నేతగాళ్లతో కలిసి చేసిన తివాచీలు బాగున్నాయి, అడగకుండా వేసిన గోడ బొమ్మలు చెడ్డపేరు తెచ్చాయి, ఆ రెంటినీ వేసింది ఒక్క పెయింటరే కదా.

సైట్ మనిషి:
తివాచీల సంగతి నాకు తెలియదు, బాగుంది. కానీ ఆ ఊలు ఆ గోడకి ఎన్నాళ్లు ఉంటుంది, దుమ్ము ఎవరు దులుపుతారు అని కూడా అడగాలి కదండీ. నా మాట మార్చుకోను, ముందు నీళ్లు, నీడ. ఆ తర్వాతే రంగు.

పిట్టగోడ:
నూలుపోగు గారూ, మీరు రాసింది రాత్రి వాడికి చదివి వినిపించాను. షార్లెట్ గురించి వాడికీ తెలియదు. ఫైన్ ఆర్ట్స్ వాళ్ల దగ్గరికి వెళ్లడం మానమని ఇక చెప్పను. అయితే ఒక పని పెట్టాను, ఈ సెలవుల్లో వచ్చి మన పడమటి కిటికీకి సన్‌షేడ్ గీయాలి, మేస్త్రితో వాడే మాట్లాడాలి, వాళ్ల నాయనమ్మ సరేనంటేనే కట్టించడం. ఇద్దరూ అప్పుడే ఫోన్లో వాదించుకుంటున్నారు, షేడ్ ఎంత బయటికి రావాలని. ఆవిడ రెండడుగులంటోంది, వాడు ఒకటిన్నర చాలంటున్నాడు.