కార్డు కేసుల్లో సర్జన్‌కి చేతికొచ్చేదెంత? (రాయగడ, పర్లాకిమిడి వైపు)

గుణుపురం_ఫిజీషియన్:
2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో కేంద్రం ఆయుష్మాన్, రాష్ట్రం గోపబంధు ఉచిత వైద్య పథకాలు రెండూ ఒకే కార్డు. కుటుంబానికి 5 లక్షలు, ఆడవాళ్లకి ఇంకో 5. పీజీ అయిపోయి ఈ కార్డు తీసుకునే నర్సింగ్‌హోముల్లో చేరేవాళ్లు ముందుగా ఏం చూసుకోవాలి?

కత్తి_గాటు:
డబ్బు పడేది ఆస్పత్రి ఖాతాలో, మీ ఖాతాలో కాదు. "ప్యాకేజీలో (ఒక్కో ఆపరేషన్‌కి పథకం కట్టిన మొత్తం రేటులో) మీకింత శాతం" అంటే ప్రీ-ఆథ్‌లో, అంటే ఆపరేషన్‌కి ముందు తీసుకునే అనుమతిలో ఒప్పుకున్న మొత్తం మీదా, పథకం వాళ్లు కోసేసింది పోయి జమైన దాని మీదా? కాగితం మీద రాయించుకోండి. మంచం, మత్తు, మందులు, భోజనం, చేరడానికి ముందు 3 రోజుల పరీక్షలు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు అన్నీ ఆ రేటులోనే. కుట్టు చీము పట్టి పదో రోజున వెనక్కొస్తే ఖర్చెవరిది? గొడవలు ఎక్కువ అక్కడే.

ఒకే సిట్టింగ్‌లో హెర్నియా, హైడ్రోసీల్ రెండూ చేస్తే పెద్దదానికి 100 శాతం, రెండోదానికి 50, మూడోది ఉంటే 25. అందుకే కొన్ని యాజమాన్యాలు "రెండు అడ్మిషన్లుగా చూపిద్దాం సార్" అంటాయి. ఒప్పుకోవద్దు. ఆడిట్‌లో దొరికితే, సంతకం మీది కాబట్టి ఇరుక్కునేది మీరే.

ఫైల్_డెస్క్_రాయగడ:
కత్తి గారు చెప్పిన డబ్బు కోతల్లో చాలావరకు మన చేతిలో ఉన్నవే, కాగితాలు సరిగ్గా పెడితే తప్పుతాయి. గాల్‌బ్లాడర్‌కి ప్రీ-ఆథ్‌లో అల్ట్రాసౌండ్, లివర్ పరీక్షలు పెట్టాలి; తర్వాత డబ్బు కోసం పెట్టే క్లెయిమ్‌లో ఓటీ నోట్స్ (ఆపరేషన్ వివరాలు), బయాప్సీ రిపోర్టు. బయాప్సీ బయటి ల్యాబ్‌కి వెళ్తే రిపోర్టొచ్చేదాకా ఫైలు కదలదు, ముక్క అదే రోజు పంపేయండి. ఎముకకి వేసే ప్లేటు, కంటి లెన్సు స్టిక్కర్లు వాటి పెట్టె పారేయకముందే కేస్ షీట్‌కి అంటించాలి.

మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే తంటా ఇంటిపేరు. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, ఎక్స్‌రే మీద "బి. అప్పారావు", రక్త పరీక్షలో ఉత్త "అప్పారావు". పేరు మూడు రకాలుగా ఉంటే క్వెరీ (వివరణ అడుగుతూ ఫైలు ఆపడం) ఖాయం. ఓపీ చీటీ రాసేటప్పుడే ఆధార్ చూసి రాయించండి.

పాతపట్నం_మెడికో:
పర్లాకిమిడి పేషెంటు ఇటు ఆంధ్రా ఆస్పత్రిలో చేరితే పోర్టబిలిటీ కేసు (ఒక రాష్ట్రం కార్డు ఇంకో రాష్ట్రంలో వాడటం) అవుతుంది. సొంత రాష్ట్రంలో ఆస్పత్రికి క్లెయిమ్ డబ్బు చెల్లించాల్సిన గడువు 15 రోజులు, దీనికి 30. గడువు దాటడం కొత్తేం కాదు. అందుకే నెల జీతం మీదుండే డాక్టరుకి పట్టింపు తక్కువ, కేసుకింత అనే వాళ్లకే ఇబ్బంది.

గుణుపురం_ఫిజీషియన్:
సర్కారు కొలువు సంగతో?

కత్తి_గాటు:
జీతం జీతమే. దాని పైన మారుమూల భత్యం, ఆస్పత్రి ఎంత మారుమూలనుందో చూసి దానికిచ్చిన వీ0 నుంచి వీ4 గ్రేడుని బట్టి. పోస్టింగ్ ఆర్డరులో మీ ఆస్పత్రి గ్రేడేదో చూసుకోండి. కార్డు కేసుల రాతపని మాత్రం అక్కడా తప్పదు.

ప్రైవేటులో ఇంకోటి అడగాలి. జాతీయ ప్యాకేజీ నిబంధనల్లో ఆకాంక్షిత జిల్లా (కేంద్రం ఎంచుకున్న వెనకబడిన జిల్లా) ఆస్పత్రులకి 10 శాతం అదనం ఉంది. గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి నాలుగూ ఆ జాబితావే. మీ ఆస్పత్రికి అది వస్తోందా, వస్తే మీ శాతం దానితో కలిపి లెక్కేస్తారా?