సివిల్ తర్వాత ఎం.టెక్: జియోమాటిక్సా, జీఐఎస్సా?

ప్రశ్న: బీటెక్ సివిల్ ఆఖరి ఏడాది. ఫీల్డు సర్వే వైపే వెళ్లాలని ఉంది. జియోమాటిక్స్, జియోఇన్ఫర్మాటిక్స్ (జీఐఎస్, అంటే కంప్యూటర్లో మ్యాపుల డేటా పని), రిమోట్ సెన్సింగ్... అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ఎలా ఎంచుకోవాలన్నా?

జవాబు 1: పేరు వదిలెయ్ తమ్ముడూ, సిలబస్ తెరువు. జియోడెసీ (భూమి ఆకారం, కొలతల శాస్త్రం), లీస్ట్ స్క్వేర్స్ సర్దుబాటు (కొలతల్లోని చిన్న తప్పులను సర్దే లెక్క), జీఎన్ఎస్ఎస్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహ వ్యవస్థలు), ఫొటోగ్రామెట్రీ (ఫొటోల నుంచి కొలతలు తీయడం) తప్పనిసరి పేపర్లుగా ఉంటే అది సర్వే కోర్సు. ఇమేజ్ క్లాసిఫికేషన్ (ఉపగ్రహ చిత్రంలో ఏది పొలం, ఏది నీరు అని విడగొట్టడం) చుట్టూనే తిరిగితే కంప్యూటర్ ముందు కూర్చునే పని. గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ పేపర్ విడిగా ఉంది. అందులో ఉమ్మడి భాగం తర్వాత సర్వేయింగ్-మ్యాపింగ్ లేదా ఇమేజ్ ప్రాసెసింగ్ ఎంచుకోవాలి. నీకు మొదటిదే. కొన్నిచోట్ల సివిల్ స్కోరు కూడా చెల్లుతుంది, ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకో.

జవాబు 2: జియోడెసీని తేలిగ్గా తీసుకోవద్దు. జీఎన్ఎస్ఎస్ ఇచ్చేది ఎలిప్సాయిడ్ ఎత్తు, అంటే భూమిని కాస్త నొక్కిన నున్నటి గోళంగా లెక్కగట్టి దాని మీంచి కొలిచేది. హైదరాబాద్ దగ్గర అది సముద్ర మట్టపు ఎత్తుకంటే 70 మీటర్లకు పైగా తక్కువ. ఈ తేడాను చోటుచోటుకీ చెప్పే జియాయిడ్ మోడల్ పెట్టకుండా కాలువ లెవెల్స్ ఇస్తే పని పాడే. యూటీఎం (భూమిని రేఖాంశాల వెంట జోన్లుగా విడగొట్టే మ్యాపు పద్ధతి) కూడా అంతే: 78 డిగ్రీల రేఖాంశం దగ్గర జోన్ 43 పోయి 44 వస్తుంది. హైదరాబాద్ 44లో, అనంతపురం 43లో. రెండు ఫైళ్లు కలిపేటప్పుడు తేడాలొచ్చేది ఇక్కడే.

జవాబు 3: ల్యాబ్ సంగతి సీనియర్లను అడుగు. జీఎన్ఎస్ఎస్ రిసీవర్లు ఎన్ని, రా డేటా విద్యార్థులే ప్రాసెస్ చేస్తారా, థీసిస్‌కి ఫీల్డులో కొలిచే సర్వే పాయింట్ల నెట్‌వర్క్ ఇస్తారా? బీరువాలో తాళం వేసిన టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే సర్వే పరికరం) లెక్కలోకి రాదు.