ఫ్లోరెన్స్ ప్రైస్ పియానో సాయంత్రం: వాలంటీర్ల పనుల పంపకం

సమన్వయం: అందరికీ నమస్కారం. ఈసారి శనివారం కార్యక్రమం మొత్తం ఫ్లోరెన్స్ ప్రైస్ పియానో రచనలే అని కమిటీ ఖాయం చేసింది. ఆవిడెవరని చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్పేస్తున్నాను. 1887లో ఆర్కాన్సాస్‌లోని లిటిల్ రాక్‌లో పుట్టిన నల్లజాతి స్వరకర్త. 1927లో మన షికాగోకి వచ్చేశారు. 1933లో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా ఆవిడ మొదటి సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసే రచన) వాయించింది. నల్లజాతి మహిళ రాసిన సింఫనీని అమెరికాలో ఒక పెద్ద ఆర్కెస్ట్రా వాయించడం అదే మొదలు. 1953లో పోయారు, ఆ తర్వాత జనం ఆవిడని దాదాపు మరిచిపోయారు. 2009లో షికాగోకి దక్షిణాన సెయింట్ ఆన్ అనే ఊళ్ళో ఒక పాడుబడ్డ ఇంటిని బాగుచేయిస్తున్న దంపతులకు కట్టలకొద్దీ ఆవిడ చేతిరాత ప్రతులు దొరికాయి. ఒకప్పుడు ఆవిడ వేసవిలో ఉన్న ఇల్లది.

మన పియానిస్టు గారు వాయించేవి రెండు: 1929 నాటి మొదటి ఫాంటసీ (స్వేచ్ఛగా సాగే రచన), 1932లో బహుమతి వచ్చిన E మైనర్ సొనాటా (భాగాలుగా సాగే పెద్ద రచన). వాలంటీర్లు ముందే ఒకసారి వినండి. పియానిస్టు మిషెల్ కాన్ 2023లో ప్రైస్, మరో స్వరకర్త మార్గరెట్ బాండ్స్ రచనలతో చేసిన ఆల్బమ్ బాగుంటుంది.

కోశాధికారి: మధ్యలో రెండు సినిమా పాటలు పియానో మీద వాయిస్తే జనం వస్తారు కదమ్మా?

సమన్వయం: వద్దన్నయ్యా. సినిమా పాటలకి మనకి దీపావళి ఉంది, ఉగాది ఉంది, పిక్నిక్ కూడా ఉంది. ఈ ఒక్క సాయంత్రం ఆవిడకి వదిలేద్దాం.

పిల్లల విభాగం: అక్కా, పరిచయంలో అన్నమయ్య రాగిరేకుల సంగతి చెప్పనా? మనవాళ్ళకి చప్పున అర్థమవుతుంది.

సమన్వయం: చెప్పు, కానీ తేడా కూడా చెప్పు. రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి, వరుసలు లేవు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటివాళ్ళు వరుసలు కట్టాల్సి వచ్చింది. ప్రైస్ విషయంలో స్వరాలన్నీ కాగితం మీదే ఉన్నాయి, చిక్కల్లా కాగితాలు చెల్లాచెదురు కావడమే. ఆవిడ మూడో ఫాంటసీకి మొదటి రెండు పేజీలే మిగిలాయని అనుకునేవారు. సమంతా ఈజ్ అనే బ్రిటిష్ పియానిస్టు వేరే ప్రతుల మధ్య ఉన్న మిగతా పేజీలు పోల్చుకుని, అతికి, 2021లో నాలుగు ఫాంటసీలూ కలిపి రికార్డు చేశారు. నా మటుకు నాకు పరిచయంలో ఈ ముక్క తప్పకుండా ఉండాలి. బీథోవెన్‌ని రికార్డు చేసేవాళ్ళకి అచ్చు పుస్తకం చేతిలో ఉంటుంది. ఇలాంటివాళ్ళు వాయించడానికి ముందు ఏది ఏ పేజీ తర్వాత వస్తుందో తేల్చుకోవాలి. మొత్తం మూడు నిమిషాలు మించకు.

హాలు, సౌండ్: పియానోకి మైకు వద్దు, స్కూలు హాలు చిన్నదే. శ్రుతి సరిచేసే ట్యూనర్‌ని పియానో వేదిక మీదికి జరిపాకే పిలవాలి. ముందు పిలిచి తర్వాత జరిపితే డబ్బు దండగ. హాల్లో వేడి కూడా ముందురోజు నుంచే ఒకేలా ఉంచమని స్కూలువాళ్ళని అడుగుతాను. యూట్యూబ్ లైవ్ పెట్టొచ్చా?

సమన్వయం: ఇప్పుడే మాట ఇవ్వకండి. 2018 నుంచి ఆవిడ రచనల ప్రచురణ హక్కులు జి. షిర్మర్ సంస్థ దగ్గరున్నాయి. హాల్లో వాయించడానికి స్కూలుకి లైసెన్సు ఉందో లేదో కోశాధికారి గారు కనుక్కుంటారు. లైవ్ సంగతి విడిగా అడగాలి.

భోజనాలు: విరామంలో టీ, మిర్చి బజ్జీ. ప్లేట్లు లోపలికి రాకుండా తలుపు దగ్గర ఇద్దరు కావాలి. నూనె చేతులతో ఎవరూ పియానో ముట్టుకోకూడదు బాబూ!

కోశాధికారి: శాలువా, సన్మానం ఎప్పుడు? అధ్యక్షులవారు నాలుగు మాటలు మాట్లాడతానన్నారు.

సమన్వయం: అంతా అయ్యాక, శాలువాతో కలిపి ఐదు నిమిషాలు. ఆ నాలుగు మాటలూ నాలుగే అయ్యేలా చూసే బాధ్యత మీదే అన్నయ్యా. ఇంకోటి, సొనాటాలో మూడు భాగాలుంటాయి. మూడూ అయ్యాకే చప్పట్లని పరిచయంలో చెబుదాం. ఎవరైనా ముందే కొడితే మాత్రం వెనక్కి తిరిగి గుడ్లురమకండి.

పేజీలు తిప్పడానికి స్వరాలు చదవగలిగినవాళ్ళు ఒకరు కావాలి.

పిల్లల విభాగం: మా పెద్దమ్మాయి తిప్పుతుంది, సొనాటా నోట్సు ముందే ఇస్తే చూసుకుంటుంది. రిహార్సల్ ఎప్పుడు?

సమన్వయం: శుక్రవారం సాయంత్రం ఆరింటికి, స్కూలు వెనక గేటు దగ్గర. నోట్సు రేపు పంపిస్తాను. తలుపు దగ్గర ఇద్దరికి ఇంకా పేర్లు రాలేదు.